వెట్టి వేరు, ఇది వేరు

"పైసా రాని పనికి రాత్రంతా మేల్కొంటవెందుకే?" అని మా అమ్మ అడిగింది. ఆమె ప్రశ్నలో న్యాయం ఉంది. మా ముత్తాత దొర గడిలో వెట్టి చేసిన మనిషి. కూలి లేని చాకిరి అంటే ఏమిటో మా ఇంటికి ఎవరూ చెప్పనక్కర లేదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేనే. ఎం.సి.ఏ. చదువుతూ డబ్బులు రాని పని చేస్తున్నానంటే అమ్మ భయపడటం సహజం. చెల్లెళ్ళారా, ఆమెకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

నేను చేసే పని పేరు ప్యాకేజింగ్. ఒకరు రాసిన సాఫ్ట్‌వేర్ మరొకరి కంప్యూటర్‌లో నడవాలంటే, దానికి తోడు కావలసిన ఇతర సాఫ్ట్‌వేర్లు సరైన వెర్షన్లలో ఉండాలి. మన హాస్టల్ వంటకు బియ్యం ఒక్కటే చాలదు కదా! పప్పు, నూనె, ఉప్పు అన్నీ చీటీలో రాస్తేనే సరుకు వస్తుంది. కోండా-ఫోర్జ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో 2015 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు ఇలాంటి చీటీలే రాస్తున్నారు. అక్కడ వాటిని రెసిపీలంటారు.

వేల ప్యాకేజీలను మనుషులే రోజూ చూసుకోలేరు. అందుకే అక్కడ ఒక బాట్ ఉంది. కొత్త వెర్షన్ రాగానే అది రెసిపీలో వెర్షన్ నంబరు మార్చి, మార్పును ప్రతిపాదిస్తుంది. లినక్స్, మ్యాక్, విండోస్‌లకు యంత్రాలే ప్యాకేజీ తయారుచేసి పరీక్షిస్తాయి. చివరకు ఒప్పుకోవలసింది మాత్రం సాధారణంగా మనిషే.

అన్నీ యంత్రం చేస్తే మన అవసరం ఏముంది? ఒకసారి బాట్ పంపిన మార్పు పరీక్షలన్నీ దాటింది. కానీ కొత్త వెర్షన్‌కు మరో లైబ్రరీ కావాలి. అది రెసిపీలో లేదు. ఆ భాగాన్ని తాకే పరీక్షే లేదు. నేను ఆ లైబ్రరీ పేరు ఒక పంక్తి, పరీక్ష ఒక పంక్తి చేర్చాను. మొదటిసారి తప్పు రాస్తే, ముఖం తెలియని పెద్దాయన ఓపికగా దిద్దించారు. నా కులం, ఊరు, కాలేజీ ఆయన అడగలేదు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టే అది దొరికింది. యంత్రం ఇచ్చినదాన్ని మోస్తుంది. అనుమానించాల్సింది మనిషే.

వెట్టిలో కాదనే హక్కు లేదు, చేసినవాడి పేరూ లేదు. ఇక్కడ ఇష్టం లేకపోతే మానేయవచ్చు. నేను చేర్చిన రెండు పంక్తుల పక్కన నా పేరుంది. ఫలితం అందరిదీ. అయితే దీని మీద కోట్లు గడించే కంపెనీలు తిరిగి ఇవ్వకపోవడం అన్యాయమే. "అనుభవం వస్తుంది, ఊరికే చేయి" అని ఏ ఆఫీసైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. అది వెట్టే.

ఇల్లు గడవడం కష్టమైతే ముందు జీతం చూసుకోండి. వీలున్నవారు వారానికి ఒక గంట చాలు. వార్డెన్ గారికి నా మనవి ఒక్కటే: ఆదివారం రెండు గంటలు కంప్యూటర్ గది తాళం తీయించండి. మా అమ్మ ఇప్పుడు "నీ పేరు ఏడుంది, సూపియ్" అంటోంది. మీ అమ్మలూ అడగాలి.