మెదడుకు గ్రూపుల్లేవు

పదో తరగతి పాసయిన మర్నాడు మా ఊళ్ళో ప్రతివాడూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఏ గ్రూపురా, ఎంపీసీనా, బైపీసీనా?" లోకంలో విద్యార్థులంతా ఈ రెండు కులాల్లోనే పుడతారన్నట్టు! లెక్కలు వస్తాయని నన్ను ఎంపీసీలో వేశారు. ఆ రోజుతో కప్పా, గుండే, మెదడూ నాకు పరాయివైపోయాయి.

మా తమ్ముడికి చిన్నప్పట్నించీ మూర్ఛలు. పొలంలో పడిపోతే చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్ళు. చివరికి పట్నంలో డాక్టరుగారు, తాళాల వల్ల ప్రయోజనం లేదనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టాలనీ చెప్పి మాత్రలు రాశారు. "మెదడులో కరెంటు అదుపు తప్పుతుందయ్యా" అన్నారాయన. కరెంటు నా పుస్తకంలోది. మెదడు పక్కగది పుస్తకంలోది. ఆ రెండూ కలిసే పాఠం ఏ క్లాసులో చెప్తారో ఈ మూడేళ్ళలో నాకు తెలియలేదు.

ఆ పాఠానికి పేరుంది: కంప్యుటేషనల్ న్యూరోసైన్స్. నాడీకణాలు చేసే పనిని సమీకరణాల్లో రాసి, కంప్యూటరు మీద నడిపి, ప్రయోగంతో సరిచూసే శాస్త్రం. ఇది నిన్నమొన్నటి ఫేషను కాదు. 1952లో ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్క్విడ్ అనే సముద్రప్రాణి నాడిమీద చేసిన పని దీనికి పునాది. ఆ నాడీతంతువు అర మిల్లీమీటరు లావుంటుంది కాబట్టి లోపలికి ఎలక్ట్రోడు దూర్చగలిగారు.

వాళ్ళు తేల్చింది రైతుబిడ్డకి అర్థం కాని సంగతేం కాదు. మా బోదె గట్టుకున్నట్టే నాడీకణం గోడకీ మడవలుంటాయి. కాకపోతే వాటిని పార పట్టుకుని ఎవరూ తియ్యరు, వోల్టేజీయే తీస్తుంది. వోల్టేజి కాస్త పెరగ్గానే సోడియం మడవలు తెరుచుకుంటాయి. సోడియం లోపలికొచ్చి వోల్టేజి ఇంకా పెరుగుతుంది, దాంతో ఇంకొన్ని మడవలు తెరుచుకుంటాయి. గట్టుకి గండి పడ్డట్టే! అంతలో ఆ మడవలు మూతబడి, పొటాషియం మడవలు తెరుచుకుని కణం నెమ్మదిస్తుంది. అంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల పని.

దీన్నంతా నాలుగు అవకలన సమీకరణాల్లో ఇమిడ్చారు. కేంబ్రిడ్జిలో కంప్యూటరు అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషను ముందు కూచుని లెక్క కట్టాడు. నాడిలో సందేశం సెకనుకి 18.8 మీటర్లు పోవాలని లెక్క చెప్పింది. ప్రయోగంలో 21.2 వచ్చింది. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. హాడ్జ్‌కిన్ జీవశాస్త్రం నుంచి వచ్చి లెక్కలు నేర్చుకున్నవాడు. హక్స్‌లీ ఫిజిక్సు చదవబోయి శరీరధర్మశాస్త్రానికి మళ్ళినవాడు. మన దగ్గరయితే ఒకడు ఈ గదిలో, ఇంకొకడు ఆ గదిలో, మొహాలైనా చూసుకోకుండా డిగ్రీ పుచ్చుకునేవాళ్ళు.

ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటి మూర్ఛ మందులు పనిచేసేది ఈ సోడియం మడవల మీదే. కొన్ని రకాల మూర్ఛలకి ఆ మడవల జన్యువులోని లోపమే కారణమనీ తేలింది. అంచేత ఇది ఊసుపోక చదివే చదువు కాదు.

"డిగ్రీ కుర్రాళ్ళకి ఇవన్నీ ఎందుకు, పీహెచ్‌డీలో చూసుకోవచ్చు" అనే పెద్దలున్నారు. మన్నించాలి. అప్పటికి బైపీసీ వాడికి కలనగణితమంటే భయం పట్టేసి ఉంటుంది. ఎంపీసీ వాడు మైక్రోస్కోపులో కణాన్ని చూసి ఏడేళ్ళవుతుంది. తప్పు మా వైపూ ఉంది. జీవశాస్త్రం తెలియకుండా ప్రోగ్రాము నడిపి, రంగురంగుల గ్రాఫులు గీసి, మెదడు తెలిసిపోయిందనుకునే వాళ్ళం మేమే.

ఖర్చు మాటా చెప్తాను. దీనికి లక్షల పరికరాలక్కర్లేదు. న్యూరాన్ అనే ప్రోగ్రాము ఉచితం. 2020లో మొదలైన న్యూరోమ్యాచ్ అకాడమీ తన పాఠాలన్నీ ఇంటర్నెట్టులో ఉచితంగా పెట్టింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాడీ, జ్ఞాన శాస్త్రాలకి ఒక కేంద్రమే ఉంది. మనకి లేనిది డబ్బు కాదు, కలిసి కూచునే అలవాటు.

మన కంప్యూటరు ల్యాబుకి నాలుగింటికే తాళం పడుతుంది. అంచేత స్నేహితుడి ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి ఆ నాలుగు సమీకరణాలూ నడిపాను. తెర మీద గీత నిటారుగా లేచి పడింది. నాన్న చూసి "ఇదేంట్రా, గుండె పరీక్షా?" అన్నాడు. చెప్పాను. "దీంతో ఉద్యోగం వస్తుందా?" అన్నాడు. తెలియదన్నాను. తమ్ముడి మాత్రల సంగతీ, మడవల సంగతీ చెప్పాను. కాసేపాగి, "ఈ మాట నాకు కాదురా, మీ కాలేజీలో చెప్పు" అన్నాడు.

అందుకే చెప్తున్నాను. యూనియన్ వారు పూనుకుని వారానికో పూట ఒకే నల్లబల్ల ముందు లెక్కల మాస్టారినీ, జంతుశాస్త్రం మాస్టారినీ నిలబెట్టాలి. రెండు గ్రూపుల వాళ్ళం ఒకే బెంచీ మీద కూచుంటాం. ఆ ఒక్క పూటయినా ల్యాబు ఏడింటిదాకా తెరిచి ఉంచాలి. నేను ఈ వేసవికి వెళ్ళిపోతాను. నా తర్వాత వచ్చేవాడికైనా, అడగ్గానే ఆ పాఠం ఏ గదిలో జరుగుతుందో ఎవరో ఒకరు చూపించాలి.

— ఒక విద్యార్థి, బి.యస్సీ. ఆఖరి సంవత్సరం