గొంతు ఎవరిది?

ఫేస్‌బుక్‌లో తమ గొంతు నొక్కుతున్నారని సంప్రదాయవాదులు ఏడుస్తున్నారు. ఏ గొంతయ్యా? అప్పటి గోషామహల్ బీజేపీ ఎమ్మెల్యే రాజాసింగ్ ముస్లింల మీద విషం కక్కుతుంటే, వేటు పడకుండా ఫేస్‌బుక్ ఇండియా పెద్దలే అడ్డుపడ్డారని 2020 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. రచ్చయ్యాకే సెప్టెంబరులో ఆయన్ని తీసేశారు. దాన్నే వెలి అంటున్నారు. వెలి అంటే ఏందో మా పల్లెనడగండి!

పుల్లలచెరువు పంతుల్ని నేను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పంతుళ్ల వాట్సాప్ గుంపులో అంబేద్కర్ మాటెత్తితే 'రాజకీయాలొద్దు' అంటారు. రిజర్వేషన్లని ఎక్కిరిస్తే అది సరదా అంట! మాయమ్మని రచ్చబండ ఎక్కనీలేదు. ఇప్పుడీ సెల్‌ఫోను రచ్చబండ మీదా కూచుంది మీరే, చోటు లేదని ఏడ్చేదీ మీరేనా?

మాట్లాడండి, కాదన్లేదు. మళ్లీ మా మీద ఉమ్మితే మాత్రం, ఈసారి ముంత మీ మెడకే.