బడి అయినా సరే, ఇక్కడ వద్దు

గండిపేట, హిమాయత్‌సాగర్ ఎగువన ఒక పెద్ద పాఠశాలకు ప్రహరీ లేస్తోందని ఊరివాళ్లు అభ్యంతరం చెబితే, వాళ్ల నోరు మూయించడానికి ఒక్క ప్రశ్న చాలుతోంది: ‘పిల్లల చదువుకు అడ్డుపడతారా?’ ఆ ప్రశ్నకు జంకనక్కర్లేదు. జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో ఫ్యాక్టరీ ఎంత కూడదో, విల్లాల కాలనీ ఎంత కూడదో, భారీ విద్యా ప్రాంగణమూ అంతే కూడదు. బడి అన్న కారణంతో మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీసింది. మళ్లీ అలాంటి రోజు రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరానికి ఎగువన మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (గండిపేట), ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి వచ్చే నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. నీటిమట్టం అంచు నుంచి 10 కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు, కాలుష్యం పుట్టించే ఇతర నిర్మాణాలు వద్దంది.

బడి వల్ల కాలుష్యమేమిటని అడిగేవాళ్లు ఈనాటి రెసిడెన్షియల్ ప్రాంగణం ఎలా ఉంటుందో చూడాలి. రెండు వేల మంది పిల్లలు, సిబ్బంది, హాస్టళ్లు, వంటశాలలు ఉన్నచోట చిన్నపాటి ఊరికి సమానమైన మురుగు రోజూ పుడుతుంది. నీళ్ల కోసం లోతైన బోర్లు వేస్తారు. క్రికెట్ మైదానం చదును చేయడానికి వాలు తవ్వి మట్టి పోస్తారు. అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ప్రహరీ గోడ. అనంతగిరి కొండల వైపు నుంచి వచ్చే వాన నీరు ఒక్క నదిగా రాదు. పొలాల మధ్య వాగులుగా, కుంట నుంచి కుంటకు అలుగు పారుతూ వస్తుంది. ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే వాగు కొనుగోలుదారు కంటికి ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. దాని మీద గోడ కట్టాక పై పొలం మునుగుతుంది, కింది కుంట ఎండుతుంది. ఈ సంగతి ముందుగా తెలిసేది అక్కడ దున్నుకునే రైతుకే. అందుకే అతని అభ్యంతరాన్ని ఇంజినీరు నివేదికంత శ్రద్ధగా వినాలి.

శుద్ధి కేంద్రం పెడతాం, చుక్క మురుగు కూడా బయటికి వదలం అని యాజమాన్యాలు హామీ ఇస్తాయి. ఇలాంటి వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వం ప్రత్యేక మినహాయింపు ఇస్తే, 2000 సంవత్సరంలో జస్టిస్ ఎం. జగన్నాధరావు ధర్మాసనం దాన్ని చెల్లదంది. హాని జరగదని నిరూపించాల్సిన భారం కట్టేవాడిదేనని సుప్రీంకోర్టు అంతకు ముందటేడే స్పష్టం చేసింది. నూనెల మిల్లుకు వర్తించిన ఆ న్యాయం విద్యాసంస్థకు ఎందుకు వర్తించకూడదు?

పైగా బడి ఒంటరిగా రాదు. బస్సుల కోసం రోడ్డు వెడల్పవుతుంది, కరెంటు లైను వస్తుంది, ఆ వెనకే ‘ఇంటర్నేషనల్ స్కూల్‌కు ఐదు నిమిషాల్లో’ అంటూ వెంచర్ల బోర్డులు లేస్తాయి. ఒకసారి కట్టాక తీయడం ఎంత కష్టమో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా రంగంలోకి దిగినప్పుడు చూశాం. చెరువుల్లో కట్టిన కళాశాలల దగ్గరికి వచ్చేసరికి విద్యా సంవత్సరం మధ్యలో పిల్లలను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న ఎదురైంది. అది న్యాయమైన ప్రశ్నే. చదువుకుంటున్న పిల్లల మీదికి బుల్డోజరు పంపమని ఏ పత్రికా రాయదు, మేమూ రాయం. కనుకనే పునాది పడకముందే వద్దనాలి.

నగర నీటి అవసరాల్లో ఈ జలాశయాల వాటా ఇప్పుడు 1.25 శాతం కూడా లేదన్న లెక్కతో 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆంక్షలు సడలించారు. 2023 మేలో అప్పటి రాష్ట్ర మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేస్తామంది. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా నీటిని కరెంటు ఖర్చుతో ఎత్తిపోసుకుంటూ, వాలు మీద దానంతటదే వచ్చే నీటిని అక్కర్లేదనడం ఏం లెక్క? వరద వచ్చిన రోజున ఆ శాతం ఎందుకూ పనికిరాదు. ఆ రోజు ముఖ్యమయ్యేది జలాశయంలో ఉన్న చోటు, ఎగువన వాన నీటిని తాగే నేల.

అయితే, 84 గ్రామాల రైతుల కోపాన్ని పక్కన పెట్టి ఈ మాట చెప్పడం అన్యాయం. పక్కనే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. జీవో గీతకు ఇవతల ఉన్నందుకు ఇక్కడి రైతు బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముకోబోతే సరైన ధర లేదు. తన చేతులు కట్టేసిన జీవో, డబ్బున్నవాళ్ల ఫాంహౌస్‌లనూ కన్వెన్షన్ హాళ్లనూ ఆపలేదని అతను కళ్లారా చూశాడు. ఈ గ్రామాల్లో చాలామంది జీవో ఎత్తేయమని అడుగుతున్నారంటే కారణం ఈ వివక్షే. కోటిమంది నగరం కోసం వాళ్లు భూమిని భూమిగా ఉంచుతున్నప్పుడు, ఆ నగరం ఏటా వాళ్లకు ఎకరానికి ఇంత అని చెల్లించాలి. అందుకు నీటి బిల్లులో చిన్న సెస్సు వేసినా మేం సమర్థిస్తాం.

ఈ గ్రామాల పిల్లలకు చదువు కావాలి, సందేహం లేదు. ఉన్న ప్రభుత్వ బడులకు గదులు, టీచర్లు, మరుగుదొడ్లు ఇస్తే అది ఊళ్లోనే దొరుకుతుంది. నగరం నుంచి బస్సుల్లో పిల్లలను తెచ్చే ప్రాంగణాలకు పరీవాహక ప్రాంతం వెలుపల చోటు వెతకాలి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఈ 84 గ్రామాల్లో విద్యా వినియోగానికి భూ మార్పిడి దరఖాస్తులను వెంటనే నిలిపేయాలి. వాగులు, కుంటల హద్దులను రైతుల సమక్షంలో కొలిచి రాళ్లు పాతాలి. ఇప్పటికే పెండింగులో ఉన్న ప్రతి దరఖాస్తునూ గ్రామసభ ముందు పెట్టి, అక్కడ వచ్చిన ప్రతి అభ్యంతరానికీ తెలుగులో, రాతపూర్వకంగా జవాబివ్వాలి.