వస్తాదు నోరూ, మా బొజ్జా

పత్రికలో రాసేవాడు తనను తాను "మేము" అని చెప్పుకోవడం పాత మర్యాద. యీ శీర్షిక మొదలుపెట్టిన నెలలో మా శ్రీమతి అది చదివి, "88 కిలోల మనిషికి బహువచనం దండగేమీ కాదులెండి" అన్నది. యింటిల్లిపాదీ నవ్వారు. మేమూ నవ్వాము. ఆ మాటలో ప్రేమ వున్నది గనుక నొప్పి లేదు. అదే బొజ్జను గురించి మరొకరు అన్న మాట మమ్మల్ని యెక్కడిదాకా తీసుకుపోయిందో యీ నెల చెప్పుకుంటాము.

కిందటి సంవత్సరం మా ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేశారు. మూడు నెలల చక్కెర సగటును చూపే పరీక్ష ఒకటి వున్నది. దానిలో 5.7 కంటె తక్కువైతే మామూలు, 6.5 చేరితే చక్కెర వ్యాధి. మాకు 6.2 వచ్చింది. డాక్టరు గారు కాగితం చూసి, "గట్టుమీద నిలబడ్డారు. యెటు దిగుతారో మీ చేతిలో వున్నది" అన్నారు. మా నాన్నగారు యిదే వ్యాధితో కాలి వేళ్లు రెండు తీయించుకుని, చివరి నాలుగేళ్లూ వీధి అరుగు దాటకుండా గడిపారు. ఆ కట్టు విప్పి కట్టిన చేతులు మావి. అందుచేత ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మా తాతల కాలంలో అయితే తాలింఖానాకు పోయి దండీలూ బస్కీలూ తీసేవారు. యిప్పుడు చెన్నపట్నంలో సందుకొక జిమ్ము వున్నది. మా పేటలో ఒకదానిలో చేరాము. విడిగా ఒక శిక్షకుణ్ణి పెట్టుకుంటే త్వరగా ఫలితం వుంటుందన్నారు. మూడు నెలలకు 12,000 రూపాయలు ముందుగానే కట్టించుకున్నారు. రశీదు అడుగున సన్నని అక్షరాలతో "సొమ్ము తిరిగి యివ్వబడదు" అని వున్నది. ఆఫీసులో రోజంతా సన్నని అక్షరాలు చదివే మేము ఆనాడు అది చదవలేదు.

శిక్షకుడు మా వయసులో సగం వుంటాడు. మంచి శరీరం, చెడ్డ నోరు. మొదటి రోజే మా పొట్ట వంక చూసి నవ్వాడు. ప్రతి సాయంత్రమూ మమ్మల్ని తూకం యంత్రం మీదికి యెక్కించి, వచ్చిన అంకె పదిమందికీ వినపడేటట్టు చదివేవాడు. పొద్దున మూడు ఇడ్లీలు తిన్నామంటే, "మూడా సార్!" అని పక్కవాణ్ణి పిలిచి చెప్పేవాడు. మూడు వారాలు ఒళ్లు హూనం చేసుకుంటే 88 కాస్తా 87 అయింది. "యిది నీళ్ల బరువు సార్, కొవ్వు కాదు. ఫలానా పొడి డబ్బా కొనండి" అన్నాడు. కొనలేమన్నాము. అప్పుడు అద్దంలో మమ్మల్ని చూస్తూ, "ఇంద జెన్మత్తుల నడక్కాదు సార్" అన్నాడు. యీ జన్మలో జరిగే పని కాదట!

ఆ మాట మాతో యింటికి వచ్చింది, మాతో పడుకున్నది, మాతో లేచింది. మర్నాడు సంచి భుజాన వేసుకుని బయలుదేరాము గాని, కాళ్లు జిమ్ము మెట్లు యెక్కలేదు. యెదురుగా వున్న హోటల్లో కూర్చుని పొంగలూ వడా తెప్పించుకున్నాము. గంట గడిపి యింటికి పోయి, "వ్యాయామం బాగా సాగింది" అన్నాము. యిలా ఐదు రోజులు. పెళ్లయిన తరువాత శ్రీమతితో వరుసగా ఐదు రోజులు అబద్ధమాడడం మాకు అదే మొదలు.

ఆరో రోజున ఆవిడ సంచిలోని తువ్వాలు తీసి చూపించింది. "యేమండీ, ఐదు రోజుల చెమటకు యిది తడవలేదెందుకు?" అన్నది. చెప్పక తప్పలేదు. అంతా విని ఆవిడ కోప్పడలేదు. "యెలుకమీది కోపంతో యిల్లు తగలబెట్టుకుంటారా? ఆ కుర్రవాడి నోరు చెడ్డదే. కాని రేపు కాలు పోతే వాడి కాలు పోతుందా, మీ కాలు పోతుందా?" అన్నది. మాకు మామగారి అరుగు చూపించనక్కరలేదన్నట్టు మా నాన్నగారి పటం వంక చూసి వూరుకున్నది.

మరునాడు రద్దీ లేని వేళ చూసి వెళ్లాము. ఆ అబ్బాయిని పక్కకు పిలిచి మూడు సంగతులు చెప్పాము. మా బరువు వారానికి ఒక్కసారే చూడాలి, అదీ పదిమందిలో చదవకూడదు. మాకు చేతకానిది యేదో మాకు తెలుసు, తరువాత చేయవలసినది యేదో అది చెప్పాలి. డబ్బాల వూసు యెత్తకూడదు. అతను ఆశ్చర్యపోయాడు. "రెచ్చగొడితే రోషం వస్తుందనుకున్నాను సార్. నా మాస్టరు నాకు అలాగే నేర్పాడు" అన్నాడు. అబద్ధమనిపించలేదు. తిట్లే చదువనుకుని పెరిగినవాడికి మరొకటి యెలా తెలుస్తుంది? ఒక వారం నోరు కట్టుకున్నాడు, తరువాత మళ్లీ మామూలే. అప్పుడు మేనేజరు దగ్గరకు పోయి, డబ్బు తిరిగి అడగలేదు గాని మనిషిని మార్చమన్నాము. మార్చారు.

కొత్తాయన నడివయసువాడు, మితభాషి. మొదటి రోజు తూకం వేయలేదు. "రాత్రి నిద్ర యెలా పడుతోంది? మోకాళ్ల నొప్పి వున్నదా? మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. యీయన మెత్తనివాడేమీ కాదు. నడుము వంచి బరువెత్తితే కసురుకునేవాడు, ఒకరోజు మానితే యెందుకు మానారని నిలదీసేవాడు. అయితే ఆయన తప్పుపట్టినది మేము చేసిన పనిని, మమ్మల్ని కాదు. కఠినత్వానికీ కించపరచడానికీ తేడా యిక్కడే వున్నది. "నడుము నిటారుగా పెట్టండి" అనేవాడు గురువు. "మీకు రాదు" అనేవాడు జోస్యగాడు. జోస్యానికి నెలకు నాలుగువేలు దండగ.

తూకం యంత్రం సంగతి కూడా తెలుసుకున్నాము. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం ఆరోగ్యమైన పద్ధతి. ఉప్పు యెక్కువ తిన్నా, మలబద్ధం వున్నా, నీళ్లు తాగినా ముల్లు కిలో అటూయిటూ పోతుంది. అందుచేత రోజూ యెక్కి దిగడం మనసుకు శిక్షే గాని శరీరానికి లాభం లేదు. నడుముకు కొలత టేపు చుట్టడం మేలు. మన దేశపు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు చెబుతారు.

మా చెన్నపట్నంలోనే జరిగిన ఒక పరిశోధన ఫలితం 2006లో వెలువడింది. మాలాగే గట్టుమీద వున్న 531 మందిని యెంచుకుని, కొందరిని మామూలుగా వదిలి, కొందరిచేత రోజూ అరగంట నడక, తిండిలో మార్పు చేయించారు. సుమారు మూడేళ్లలో మామూలుగా వదిలినవారిలో నూటికి 55 మంది చక్కెర వ్యాధిలో పడితే, నడిచినవారిలో 39 మందే పడ్డారు. విశేషమేమంటే నడిచినవారి బరువు చెప్పుకోదగినంత తగ్గనే లేదు! ముల్లు కదలకపోయినా మేలు జరుగుతున్నదన్నమాట. యిది ముందే తెలిస్తే ఆ కుర్రవాడి "నీళ్ల బరువు" మాటకు మేము అంతగా కుంగకపోదుము.

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి గారిని యెరగనివారుండరు. చిన్నప్పుడు బక్కపలచగా వున్నదని, బరువులెత్తడం నీ పని కాదు, పోయి అమ్మకు యింటి పనిలో సాయం చేయమని మొదట శిక్షకుడే పంపివేశాడట. తల్లి మాత్రం కూతురి వెనక నిలబడింది. 2000వ సంవత్సరం సిడ్నీ ఒలింపిక్సులో ఆమె మొత్తం 240 కిలోలు యెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్సులో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మేము యెత్తవలసినది మా పొట్ట ఒక్కటే గనుక, మాకు ఆపాటి ధైర్యంలో పదోవంతు చాలు.

ఐదు నెలలు గడిచాయి. 88 కిలోలు 82 అయినవి. పరీక్షలో 5.8 వచ్చింది. గట్టు దిగలేదు గాని మంచి వైపుకు జరిగాము. బొజ్జ యింకా వున్నది, బహువచనమూ వున్నది. చేరదలచినవారికి మా మనవి యిది: ముందు డాక్టరుకు చూపించుకోండి. డబ్బు నెలనెలా కట్టండి. శిక్షకుడు యెక్కడ నేర్చుకున్నాడో అడగండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే యెవరు వద్దన్నా ఆపివేయండి. మాట పడకపోతే ఒకసారి స్పష్టంగా చెప్పండి, వినకపోతే మనిషిని మార్చండి. పని మాత్రం మానకండి.

యిక్కడితో ముగించవచ్చు. కాని ఒకటి దాచితే యీ శీర్షికకు న్యాయం కాదు. మా అమ్మాయి రెండేళ్ల కింద సంఘం వారి ఆదివారం తెలుగు తరగతికి పోయేది. బడిలో తమిళం, ఇంగ్లీషు గనుక తెలుగు అక్షరాలు వంకరలు పోయేవి. ఒకనాడు ఆ పలక చూసి మేము నవ్వి, "నీకు యీ జన్మకు రాదు" అన్నాము. ఆ తరువాతి ఆదివారం తలనొప్పి అన్నది. ఆ పై ఆదివారం కడుపునొప్పి. తరువాత మేమూ అడగలేదు. జిమ్ములో అద్దం ముందు ఆ కుర్రవాడు అదే మాట అన్ననాడు మాకు అది గుర్తుకు రాలేదు. పొంగలు తింటూ కూర్చున్న ఐదో రోజున వచ్చింది.

ఆమెను పిలిచి, ఆనాడు తప్పు మాట్లాడామని చెప్పాము. వెంటనే యేమీ అనలేదు. పోయిన నెలనుంచి మళ్లీ తరగతికి పోతున్నది, గుణింతాలు రాస్తున్నది. పుస్తకం వాళ్లమ్మకు చూపిస్తున్నది. మాకు యింకా చూపించలేదు. అడగకుండా కాచుకుని వున్నాము.