తుపాకియు వోటుచీటియు



కార్తికమాసమున మా పద్మనాభము కొండమెట్లపై దీపములు పెట్టుచుండగా పొరుగింటి పిల్లవాడొకడు మమ్మిట్లడిగెను: "పిన్నిగారూ, కత్తి దూసిన రాజుగారిని నేటికీ తలచుకుంటున్నాము గదా! వోటు వేసినవారిని ఎవరు తలచుకుంటారు?"

1794 జూలై 10వ తేదీని ఈ కొండ చెంతనే విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంఫిణీ సేనలతో పోరి ప్రాణములు విడిచెను. పేష్కషు బాకీ పడెనని, సంస్థానము వీడి మచిలీపట్టణమునకు పొమ్మని కుంఫిణీవారు శాసించిరి. ఆ శాసనమును కాదని తీర్పు చెప్పగల న్యాయస్థానము ఆయనకు లేదు. కుంఫిణీని దింపుటకు ప్రజలకు వోటును లేదు. ఇక మిగిలినది కత్తి యొక్కటియే.

మా గోస్తనీనది పుట్టినది అనంతగిరి కొండలలో. అచ్చటి బొర్రా గ్రామములలో గనులను ప్రైవేటు కంపెనీలకు కౌలుకిచ్చినపుడు, గిరిజనుల పక్షమున 'సమత' యను సంస్థ వ్యాజ్యము వేసెను. హైకోర్టులో ఓడియు వెనుదీయలేదు. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వ భూములనైనను గిరిజనేతరులకు గనుల కౌలుకీయరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఆ కొండలలోనే 2018 సెప్టెంబరు 23న అరకు శాసనసభ్యులు కిడారి సర్వేశ్వరరావుగారిని, మాజీ సభ్యులు సివేరి సోమగారిని లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు కాల్చి చంపిరి. ఇరువురును గిరిజనులే. ఆనాడే క్రుద్ధులైన జనులు డుంబ్రిగూడ, అరకు పోలీసు ఠాణాలకు నిప్పు పెట్టిరి. ఏడు నెలలైనను గడువకముందే, 2019 ఏప్రిలులో, ఎన్నికలు జరిగెను. ఆ సభ్యుని ఒప్పు తప్పులను తూచవలసినవారు వోటర్లు. తుపాకి ఆయన ప్రాణముతోపాటు వారి తీర్పును గూడ హరించినది.

అయినను పాలకులు నిర్దోషులని మేమనము. పాండవులు ఐదూళ్లే అడిగిరి, దుర్యోధనుడు వినడాయెను. వినని సభయే కురుక్షేత్రమునకు త్రోవ తీసినది. అర్జీ పెట్టినవాని మొర ఆలకింపని ప్రభుత్వము తుపాకి పట్టినవానికి తోడ్పడుచున్నదనియే మా తలంపు.

పిల్లవానితో మేమిట్లంటిమి: "నాయనా, ప్రాణమిచ్చియు రాజుగారు పొందజాలని న్యాయమును బొర్రా గిరిజనులు ఒకరి ప్రాణము తీయకయే పొందిరి. వారినిగూడ తలచుకొనుము."

సోదరీమణులారా, మన బిడ్డలకు యుద్ధగాథను చెప్పుచునే యున్నాము. వ్యాజ్యపు కథనుగూడ దాని ప్రక్కనే చెప్పుట మన విధి.