శోధనయంత్రాల కోసం తెలుగు వ్రాయడం: కిటుకుల వ్యాపారులకూ, మనకూ



గత నెలలో ఒక సాయంత్రం మా పక్కింటి అమ్మాయి తెలుగు పరీక్షపత్రం పట్టుకొని మా అరుగు మీదికి వచ్చింది. పదవ తరగతి చదువుతున్నది. చంపకమాల లక్షణాలు వ్రాయమన్న ప్రశ్నకు మార్కు పోయింది. గణాలు సరిగానే వ్రాసింది. పాదానికి 21 అక్షరాలన్నదీ సరిగానే వ్రాసింది. యతి మాత్రం 10వ అక్షరమని వ్రాసింది. "ఇది ఎక్కడ చదివావమ్మా?" అన్నాను. "గూగులులో తాతగారూ. అన్నిటికంటే పైన వచ్చిందే చదివానండీ" అన్నది.

ఆ పేజీ నేనూ తెరిచి చూశాను. చంపకమాల అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, పంతులు బుద్ధి పోక, లెక్కపెట్టాను. 37 సార్లు. చంపకమాల అంటే ఏమిటి, ఎందుకు ముఖ్యం, దాని ప్రయోజనాలేమిటి అంటూ వరుసగా ఉపశీర్షికలు. ఉదాహరణకు ఒక్క పద్యపాదం లేదు. గురులఘువులు గుర్తించి చూపింది లేదు. వ్రాసినవారి పేరు లేదు. దాని క్రిందనున్న రెండు మూడు పేజీలు తెరిస్తే వాటిలోనూ అవే వాక్యాలు, అదే తప్పు. ఒకరి చూచిరాతను మరొకరు చూచి వ్రాసుకొన్నారు.

నిజానికి ఈ విషయం తెలిసినవారు తప్పు వ్రాయలేరు. ఉత్పలమాల పాదం మొదట ఉన్న గురువును రెండు లఘువులుగా విడదీయండి. 20 అక్షరాలు 21 అవుతాయి. భ ర న భ భ ర వ అన్న గణాలు న జ భ జ జ జ ర అవుతాయి. 10వ అక్షరం 11వ అక్షరమవుతుంది. యతి తన చోటు నుండి కదలలేదు, దాని ముందు ఒక అక్షరం పెరిగింది, అంతే. ఈ కీలకం పట్టుబడిన విద్యార్థి యతిస్థానాన్ని జన్మలో మరచిపోడు.

ఈ మాట నేను 2008లోనే ఈ బ్లాగులోనే వ్రాశాను. కోపంతో ఊగిపోతూ ఆ టపా వెతికి తీశాను. తీయగానే నా కోపం సగం చల్లారింది, తక్కిన సగం నా మీదికే తిరిగింది. దాని శీర్షిక "రెండు పూలదండలు". మొదటి రెండు పేరాలలో మా ఊరి కోనేటి కలువలను, గుడి వెనుక సంపెంగ చెట్టును వర్ణించాను. చంపకమాల పేరు మూడవ పేరాలో గాని రాదు, యతి ప్రసక్తి ఇంకా తరువాత. ఇక చిరునామా అంటారా, తెలుగు శీర్షిక పెడితే బ్లాగరు ఆ అక్షరాలన్నీ విడిచిపెట్టి బ్లాగ్-పోస్ట్ అని ఒక అంకె తగిలించేది, మీకు గుర్తుండే ఉంటుంది. నాకు దక్కినది 17. ఆనాడు 14 వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో సగం శీర్షికను మెచ్చుకొన్నవే. ఆ మెప్పు చూసుకొని నేను మురిసిపోయాను. పరీక్షకు ముందురాత్రి కూర్చొని "రెండు పూలదండలు" అని వెతికే పిల్ల ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా?

కనుక నా అభియోగం ఇద్దరి మీద.

మొదటివారు కిటుకుల వ్యాపారులు. గూగులులో పైకి రావాలంటే ఫలానా మాటను ఇన్నిసార్లు వాడాలనీ, టపా ఇన్ని మాటలకు తగ్గరాదనీ, కీవర్డ్స్ అన్న పెట్టెలో మాటలు మూటగట్టాలనీ రుసుము పుచ్చుకొని మరీ బోధిస్తారు. ర్యాంకు కోసం ఆ పెట్టెను చూడటం లేదని గూగులు 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. ఇన్ని మాటలుండాలన్న నియమం తనకేమీ లేదని మార్గదర్శకాలలో వ్రాసిపెట్టింది. ఒకే మాటను దట్టించడం దాని స్పామ్ నియమాల ప్రకారమే దోషం. 2011లో పాండా పేరుతో వచ్చిన మార్పు పసలేని పేజీలను క్రిందికి నెట్టడానికే వచ్చింది. 2022 ఆగస్టులో, పాఠకునికి పనికివచ్చే రాతను గుర్తించడానికి ఒక పద్ధతిని తెచ్చి, 2024 మార్చిలో దానిని ప్రధాన వ్యవస్థలోనే కలిపివేసింది. ర్యాంకు కోసం పేజీలను గుట్టలుగా పోయడం, మనిషి పోసినా యంత్రం పోసినా, తప్పేనని ఆ నెలలోనే నియమం పెట్టింది. మన ఆలంకారికులు పునరుక్తిని దోషాల పట్టికలో ఏనాడో చేర్చారు. వ్యాకరణంలో ఆమ్రేడితమున్నది గాని, అది రెండవ మాటతో ఆగుతుంది. వీరిది 37 దాకా ఆగదు.

మరి ఆ తప్పుల పేజీ పైన ఎందుకు కూర్చున్నది? న్యాయమైన ప్రశ్న. నాకు తోచిన జవాబు ఒక్కటే. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు సూటిగా ఎదురు నిలిచిన తెలుగు పేజీలు అవే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం. మన చెట్లు లేకపోలేదు, పేరుపలక లేని తోటలో ఉన్నాయి.

అందుచేత రెండవ ముద్దాయిలం మనమే. "నేను శోధనయంత్రాల కోసం వ్రాయను, సహృదయుల కోసం వ్రాస్తాను" అనడం మనలో ఒక గొప్ప అయిపోయింది. నేనూ అన్నవాడినే. కాని ఇది మన సంప్రదాయమా? శాస్త్రగ్రంథం ఆరంభంలో అనుబంధ చతుష్టయం చెప్పాలన్నారు పెద్దలు. విషయమేమిటి, ప్రయోజనమేమిటి, గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటి, దీనిని చదువదగిన అధికారి ఎవరు? ఈ నాలుగూ తేలకుండా ముందుకు పోరాదు. గూగులు తన మార్గదర్శకాలలో చెప్పేది ఇంచుమించు ఇదే. శీర్షికలో విషయం తెలియాలి, వెదికివచ్చినవాడి అవసరం తీరాలి, ఎవరి కోసం వ్రాశారో స్పష్టంగా ఉండాలి.

నిఘంటువుల సంగతి చూడండి. ఆంధ్రనామసంగ్రహం వంటి పద్యనిఘంటువులను కంఠస్థం చేసినవాడికే మాట దొరికేది. 1885లో అచ్చయిన శబ్దరత్నాకరం వంటివి అకారాదిగా రావడంతో, అక్షరమాల వచ్చినవాడికల్లా దొరికింది. బహుజనపల్లి సీతారామాచార్యులవారు అకారాది క్రమానికి తల ఒగ్గారని ఎవరైనా ఎగతాళి చేశారా? కావ్యం చివర పద్యసూచిక చేర్చిన పరిష్కర్తను వ్యాపారి అన్నారా? దొరికేటట్లు చేయడం కూడా పాండిత్యంలో భాగమే.

తెలుగులో ఈ పనికి కొన్ని చిక్కులు అదనం. మన కంటికి ఒకటిగా తోచేవి యంత్రానికి వేరు వేరు. ర, ఱ యూనికోడులో రెండు వేరు సంకేతాలు. పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలిసిపోకుండా మనం నడుమ పెట్టే కనబడని చిహ్నం మరొకటి. "యతిస్థానమును" అని మనం వ్రాస్తే పిల్లలు "యతి స్థానం" అని వెదుకుతారు. యంత్రం ఈ తేడాలను ఎంతవరకు సర్దుకొంటుందో దాని మీదికే వదిలివేయడమెందుకు? మన రూపం మనం వ్రాస్తూనే, వాడుకలోని రూపాన్ని ఒక్కసారి పక్కన చెబితే పాండిత్యం తరిగిపోదు. పద్యాన్ని బొమ్మగా అతికించి ఊరుకోక అక్షరాలలో కూడా టైపు చేయాలి. వ్రాసినది ఎవరో, ఆ విషయంతో తమకెంత పరిచయమో చెప్పుకోవాలి. నాణ్యత పరిశీలకుల కోసం గూగులు వ్రాసుకొన్న మార్గదర్శకాలలో 2022 డిసెంబరులో స్వానుభవం అన్న అంశాన్ని కొత్తగా చేర్చింది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి గణవిభజన చేయించినవాడు ఆ సంగతి చెప్పుకోవడం డంబం కాదు.

ఇంకొక మాట, ఇది కొందరికి కష్టం కలిగించవచ్చు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో స్టాన్‌ఫర్డులో ప్రకటించిన గూగులు మూలసూత్రమే లంకె. ఒక పేజీ మరొక పేజీకి ఇచ్చే లంకెను సాక్ష్యంగా లెక్కించారు. వ్యాఖ్యాతలు పూర్వులను పేరుపెట్టి ఉదాహరించడం వంటిదే ఇది. కూడలి, జల్లెడ రోజులలో మనం ఒకరి టపాకు మరొకరం ఎంత ధారాళంగా లంకెలిచ్చుకొనేవాళ్ళం! ఈనాడు సాటివాడి పాత టపాకు లంకె ఇచ్చి ఎన్నేళ్ళయిందో గుండె మీద చేయి వేసుకొని చెప్పండి. మనకు మనమే సాక్ష్యం మానివేసి, యంత్రం మనలను గుర్తించడం లేదని వాపోతున్నాం.

"ఇప్పుడు జవాబు యంత్రమే చెబుతున్నది, మన పేజీకి వచ్చేదెవరు?" అని ఒక మిత్రుడు అన్నారు. నిజమే. 2024 నుండి గూగులు కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధతో కూర్చిన జవాబును ఫలితాలకు పైన పెడుతున్నది. పాఠకులు తగ్గవచ్చు. కాని ఆ జవాబు శూన్యం నుండి పుట్టదు, ఎవరో ఒకరు వ్రాసినదానిలో నుండే రావాలి. అంతర్జాలంలో యతి 10వ అక్షరమన్న పేజీలే కనబడుతుంటే, రేపు ఆ తప్పునే యంత్రం సందేహం లేని కంఠంతో చెబుతుంది. అప్పుడు మన పక్కింటి పిల్లకు పోయేది ఒక్క మార్కే గాని, భాషకు పోయేది అంతకంటే ఎక్కువ.

నిన్న రాత్రి ఆ పాత టపాను సవరించాను. శీర్షిక "చంపకమాల, ఉత్పలమాల లక్షణాలు: గణాలు, యతి, ప్రాస". మొదటి పేరాలోనే జవాబు. కలువలూ సంపెంగలూ క్రిందికి వెళ్ళాయి, కాని ఒక్క రేకు తీసివేయలేదు. గూగులులో ఎప్పటికి పైకి వస్తుందో, అసలు వస్తుందో రాదో నేను చెప్పలేను. వస్తుందని హామీ ఇచ్చేవాడిని మాత్రం నమ్మకండి.

మీరూ మీ పాత టపాలలో ఒకటి తీయండి. ఏ పిల్లకో అవసరమయ్యేది మీ దగ్గరా ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దానికి దాని పేరు పెట్టి, ఈ టపా క్రింద లంకె ఇవ్వండి. నా మాట తప్పనుకొంటే అదీ వ్రాయండి. వ్యాఖ్యలకు జవాబు చెప్పడానికి విశ్రాంత ఉపాధ్యాయుడికి తీరికకు లోటు లేదు.

సెలవు.