ఎన్ని దఫాలు? ఎంత ఇంతెజార్?

“సర్వర్ బిజీ. మళ్లీ ప్రయత్నించండి.” మా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్షరం ముక్క రాని ముసలాళ్లకు కూడా ఈ మాట కంఠోపాఠం. రేషన్ షాపులో వేలిముద్ర మెషిన్ ముందు, సచివాలయంలో, మీ-సేవలో ఎక్కడైనా ఇదే జవాబు. మనమేమో నసీబు అనుకుని సబర్ చేస్తాం. నేనంటాను, ఇందులో నసీబు పాలు చాలా తక్కువ. ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని పెట్టిన, లేదా పెట్టకుండా వదిలేసిన రెండు మూడు అంకెల ఫలితమే ఎక్కువ.

ఆ అంకెల సంగతి నాకు మాలూమైంది ఉర్దూ మీడియం స్కూల్లో నా పక్క బెంచీ దోస్తు వల్ల. వేల కంప్యూటర్లను ఒక్క చోటి నుంచి సంభాళించడం వాడి కొలువు. వాడు చెప్పింది నాకర్థమైన జబాన్‌లో చెబుతా.

ప్రతి కంప్యూటర్‌లో ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది కొంత వ్యవధికోసారి సెంట్రల్ సర్వర్ దగ్గరికి వెళ్లి “కొత్త హుకుం ఏమైనా ఉందా?” అని అడుగుతుంది. పప్పెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మనం మార్చకపోతే ఆ వ్యవధి 30 నిమిషాలు. ఆఫీసుల్లోని విండోస్ కంప్యూటర్లకు 90 నిమిషాలు, దానిపైన 0 నుంచి 30 నిమిషాల మధ్య ఏదో ఒక అంకె చీటీ తీసినట్టు కలుస్తుంది.

ఈ చీటీ ఎందుకు? కరెంటు పోయి వచ్చిందనుకోండి. 2,000 కంప్యూటర్లు ఒకేసారి నిద్ర లేస్తాయి, ఒకేసారి సర్వర్ మీద పడతాయి. అరగంటకు మళ్లీ అందరూ కలిసే వస్తారు. అదే 2,000 మందిని అరగంటలో సమానంగా పరిచేస్తే సెకనుకు సుమారు ఒకటి చొప్పున వస్తాయి. సర్వర్ హాయిగా పని చేసుకుంటుంది. మెషిన్ అదే, పని అదే. మారింది వక్త్ మాత్రమే.

రెండో అంకె, జవాబు రాకపోతే ఏం చేయాలన్నది. వెంటనే మళ్లీ అడిగితే, పడిపోయిన వాడిని లేవనీయకుండా తొక్కినట్టే. అందుకని ఒక సెకను ఆగి అడగాలి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది. దానికీ కొంచెం చీటీ కలపాలి. ఎన్ని దఫాలో హద్దు ఉండాలి. ఇదేం కొత్త ఇల్మ్ కాదు. 1970లలో పుట్టిన ఈథర్‌నెట్ తీగలోనే ఉంది. రెండు కంప్యూటర్ల మాటలు తీగ మీద గుద్దుకుంటే రెండూ ఆగుతాయి. మళ్లీ గుద్దుకుంటే ఇంకా ఎక్కువ సేపు ఆగే వీలు పెరుగుతుంది. 16 దఫాలైనా పని కాకపోతే “నా వల్ల కాలేదు” అని పైకి ఖబర్ పంపి ఆపేస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి రండి.

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. టోకెన్లు ఇవ్వాల్సింది మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకు. ఆరు ప్రాణాలను కంప్యూటర్ లెక్కగా మార్చడం నా మక్సద్ కాదు. బందోబస్తు, గేట్ల జిమ్మేదారి వేరే ఉంది. కానీ ఒకే ఘడియ, పరిమితమైన టోకెన్లు, ముందొచ్చిన వాడికే హక్కు అంటే ముందు రోజే జనం గుమిగూడక ఏం చేస్తారు? ఆ తర్వాతి ఏడాది, 2025 డిసెంబరులో మొదలైన వైకుంఠ ద్వార దర్శనాల తొలి మూడు రోజులకు టీటీడీ ఎలక్ట్రానిక్ డిప్ పెట్టింది. నమోదుకు రోజుల గడువు, తర్వాత లాటరీ. పరుగెత్తడం వల్ల ఎవరికీ ఫాయిదా లేనప్పుడు ఎవరూ పరుగెత్తరు.

రేషన్ చూడండి. 2025 జూన్ నుంచి 1వ తారీఖు నుంచి 15 దాకా షాపుల్లో ఇస్తున్నారు. గడువు పరిచారు, మంచిదే. అయినా మొదటి రోజుల్లోనే రద్దీ. ఎందుకు? ఆఖరున వెళితే స్టాకు ఉంటుందన్న భరోసా లేదు. కంప్యూటర్ ఏజెంటుకు ఆ గాబరా లేదు. చివర వచ్చిన మెషిన్‌కూ అదే హుకుం పూర్తిగా దక్కుతుంది. కాబట్టి నా ఉసూల్ ఇది: అందరికీ సరిపడా ఉంటే టైము పరచండి, చివరి వాడికి గ్యారంటీ ఇవ్వండి. సరిపడా లేకపోతే చీటీ తీయండి. “ముందొచ్చిన వాడికే” అన్నది మాత్రం ఇన్సాఫ్ కాదు. అది ఖాళీ టైమున్న వాడికి, మంచి ఫోనున్న వాడికి ఇచ్చే ఇనాం.

“పరిస్తే ఆలస్యం కాదా?” అని కొందరి తకరారు. అవుతుంది, కొంచెం. కానీ ఆ ఆలస్యమే ఒక్కోసారి కాపాడుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ ఒక తప్పు ఫైలును దునియా అంతటికీ ఒకేసారి పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ముందు కొందరికి, తర్వాత మిగతా వాళ్లకి పంపి ఉంటే మొదటి గుంపు దగ్గరే ఆగిపోయేది. ఆ సంస్థ కూడా తర్వాత విడతల పద్ధతికే వచ్చింది.

పింఛన్ల రోజు గుర్తు చేసుకోండి. రాష్ట్రమంతటా 60 లక్షలకు పైగా మందికి నెల మొదట్లో ఇంటింటికీ వెళ్లి ఇస్తారు. పని పొద్దున్నే మొదలవుతుంది. సిబ్బంది కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ సిగ్నల్ సరిగా లేని పల్లెలో వేలిముద్ర పడకపోతే ఆ సిబ్బందీ, ఆ ముసలమ్మా ఇద్దరూ మజ్బూర్లే. బొటనవేలు తుడవడం, మళ్లీ పెట్టడం, పడకపోతే ఇంకో వేలు. రాళ్లు మోసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లవి.

సర్కారు సాఫ్ట్‌వేర్ కొనే ప్రతి టెండరులో మూడు సవాళ్లకు రాతపూర్వక జవాబు ఉండాలని నా దరఖాస్తు. మెషిన్లు సర్వర్‌ను అడిగే టైము ఎలా పరిచారు? జవాబు రాకపోతే ఎంత ఆగి, ఎన్ని దఫాలు అడుగుతాయి? ఆ దఫాలు అయిపోయాక మనిషికి వేరే దారి ఏమిటి? ఈ మూడోది అన్నిటికన్నా జరూరు. హద్దు దాటగానే మెషిన్ ఇంకో తరీఖా చూపించాలి, సంతకమో, ఓటీపీయో. ఫెయిలైన సంగతి పై అధికారి ఖాతాలో నమోదు కావాలి. ఏ షాపులో, ఏ ఊళ్లో ఎన్ని దఫాలు ఫెయిలైందో నెలనెలా బోర్డు మీద పెట్టాలి.

తీగలో పోయే మాటకు 16 దఫాల హద్దు పెట్టారు ఇంజనీర్లు. గరీబు బొటనవేలికి హద్దెంతో రాసిపెట్టమని అడుగుదాం. మీ ఊళ్లో తాసీల్దారు ఆఫీసుకు వెళ్లినప్పుడు మీరూ అడగండి.